ఊపిరి వదిలే చోట

కళ్లకు కట్టిన రుమాలు ముడిలో ఒక వెంట్రుక చిక్కుకుని చుర్రుమంటోంది. విప్పి మళ్లీ కట్టమందామనుకుంది గానీ, ఇంత చిన్నదానికి నోరెత్తితే పెద్దదానికి సుకుమారం ఎక్కువైందంటాడు మామయ్య, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది. కళ్లు మూసుకుపోతే ఒళ్లు పెద్దదవుతుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తొడల కింద జీను తోలు ఎక్కడ వెచ్చబడిందో, ఎక్కడ ఇంకా పొద్దుటి చల్లదనం వదల్లేదో తెలుస్తోంది. దాని కింద దుప్పటి, దాని కింద గుర్రం పక్కటెముకలు, ఒక పక్కన ఉబ్బితే రెండో పక్కన తగ్గుతూ, ఆమె తొంటిని అటొకసారి ఇటొకసారి ఊపుతూ. కాళ్లు పెట్టుకునే రికాబులు తీసేశారు. కళ్లెం పగ్గాలు ముడివేసి మెడ మీద వదిలేశారు. మిగిలింది పొడవాటి తాడు ఒక్కటే, ఒక కొస గుర్రం మూతి దగ్గర, రెండో కొస బరి నడుమ నిలబడ్డ మామయ్య చేతిలో. పైన రేకుల కప్పు ఎండకు చిటపటమంటోంది. గుర్రం ఆయన చుట్టూ తిరుగుతుంది, ఈ గంటసేపూ ఆమె చెయ్యాల్సిందల్లా కూర్చోవడమే. "తిన్నగా కూర్చున్నావంటే నీ గుర్రం నీకే, పోటీకి నువ్వే వెళ్తావ్," అన్నాడు నిన్న. తన గుర్రాన్ని తనకివ్వడానికి మళ్లీ పరీక్షేమిటో అర్థం కాలేదు. అయినా తను భుజం ఎముక విరిగిన మనిషి కదా, ఆయన జాగ్రత్త ఆయనది అని సర్దిచెప్పుకుంది.

విరిగింది గుర్రం మీంచి పడి అయినా కాదు, అసలు సిగ్గు అక్కడుంది. నడక సరిగ్గా రాకముందే జీనెక్కిన మనిషి స్నానాలగదిలో సబ్బునీళ్ల మీద జారిపడింది. ఏం చేస్తుంటారమ్మా మీరు అని డాక్టరు అడిగితే, గుర్రపు స్వారీలో తూకం నేర్పిస్తానని చెప్పడానికి నోరు రాక, పిల్లలకు పాఠాలు చెబుతానంది. పక్కనున్న చెల్లి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఆ నవ్వుకు వణికిన వీపు ఇప్పుడెందుకు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచీ అన్నీ చెల్లే చేసింది. చొక్కా తొడిగింది, బొత్తాలు పెట్టింది, తల దువ్వింది, మంచం మీద పక్కకు తిరగాలంటే వీపు కింద చెయ్యిపెట్టి లేపింది. నీళ్లగ్లాసు అందించి, అది తాగేదాకా ఎదురుగా నిలబడి, "తాగు, తాగు, గుర్రానికైతే బకెట్టు పెట్టేదాన్ని," అనేది. తను కోపమొచ్చి ఎంత నోరు చేసుకున్నా పల్లెత్తు మాట అనకుండా భరించింది. చెల్లంటే ఇలా ఉండాలి అని వచ్చినవాళ్లందరి దగ్గరా తనే మురిసిపోయి చెప్పింది, ఆ మాటలన్నీ ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"భుజాలు వదిలెయ్," అన్నాడు మామయ్య ఎడమవైపు నుంచి. "నేలలోకి ఊపిరి వదులు."

నేలలోకి. బయటివాడెవడైనా వింటే ఈయనకు పిచ్చనుకుంటాడు. మిగతా స్వారీ బడుల్లో చేతులతో ఏం చెయ్యాలో, కాళ్లతో ఏం చెయ్యాలో నేర్పుతారు, ఈయన మాత్రం కూర్చోవడం నేర్పుతాడు, ఊపిరి నేర్పుతాడు. పిరుదుల కింద రెండు ఎముకలుంటాయి, వాటి మీద సమంగా కూర్చో, ఊపిరి గొంతులోంచి కాదు, పక్కటెముకల కిందికి పంపు, వీపువైపు పంపు, అక్కడ్నుంచి జీనులోకి. తను, చెల్లి, ఇద్దరూ చిన్నపిల్లలుగా ఒకే ముసలి గుర్రం మీద ముందూ వెనకా కూర్చుని ఇలాగే కళ్లకు గుడ్డ కట్టుకుని తిరిగేవాళ్లు. వెనక కూర్చున్న చెల్లి చేతులు తన నడుము చుట్టూ. మామయ్యకు ఒక్కటే నియమం, జీనెక్కాక నోరు తెరవకూడదు. మాట్లాడితే ఊపిరి పైకొస్తుంది, ఊపిరి పైకొస్తే బరువు పైకొస్తుంది, గుర్రం దాన్ని భయమనుకుని తనూ భయపడుతుంది. చెల్లి ఒకసారి గుర్రం మీద తుమ్మినందుకు దింపేశాడు. తుమ్ము మాట ఎలా అవుతుంది మామయ్యా అని తను వకాల్తా పుచ్చుకుంటే తననీ దింపాడు. ఇద్దరూ గడ్డి మోపుల మీద కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. ఆ పొద్దుట ఎంత నవ్వారో.

ఎడమవైపు ఏదో తేడాగా ఉంది. మొదటి చుట్టులోనే అనిపించింది గానీ, తప్పు తనదే అనుకుంది. ఎముక అతుక్కున్న భుజం కాస్త పైకి ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు, అందుకని తనే ఒరుగుతోందేమో. ఊపిరి పీల్చి, రెండు ఎముకలనూ వెతుక్కుని, కుడిదాని మీద ఎంత బరువో ఎడమదాని మీద అంతే పెట్టింది. గుర్రం మళ్లీ కాస్త ఎడమకు జరిగింది. తలమీద బుట్ట ఒరిగితే దాని కిందికి మెడ జరుపుకునే మనిషిలా, లేని బరువు కోసం వెతుక్కుంటూ ఎడమకు జరుగుతోంది. తను తిన్నగా ఉంది. వంకర కింద ఉంది. ఆ వైపు వీపు కండ కూడా గట్టిపడింది, చెక్కలా తగులుతోంది. తను మంచం పట్టేముందు దీని వీపు ఇలా లేదు. దీని వీపు తనకు తన అరచెయ్యి కంటే ఎక్కువ తెలుసు. ఎవరో ఎక్కుతున్నారు. ఒకరోజో రెండ్రోజులో ఎక్కితే వీపు ఇలా మారదు. గుండె గుభేలుమంది, వెంటనే గుర్రం చెవులు వెనక్కి తిప్పి ఉంటుంది, అడుగు కురచైంది, ఇదేం ఖర్మో, దీని మీద కూర్చుని గుండెకైనా దాపరికం ఉండదు.

"మామయ్యా," అంది. నియమం తప్పింది, అయినా అడిగింది. "దీన్ని ఎవరైనా ఎక్కారా?"

తాడు బిగుసుకుంది. ఆమెకు కనపడదు, కానీ గుర్రం తల ఒక్కసారి లోపలికి గుంజుకున్నట్టయింది, మళ్లీ వదులైంది. చేతిలో ఏముంటే తాడులో అదే ఉంటుందని చెప్పింది ఆయనే.

"ఎవరెక్కుతారే? నీది కదా. చేత్తో పట్టుకుని నడిపించామంతే," అన్నాడు. "అన్నీ ఆలోచించకు. ఊపిరి చూసుకో."

ఊపిరే చూసుకుంటోంది. ఊపిరి చూసుకుంటూ ఉంటే బడిలో ఒక్కొక్కరూ ఎలా కూర్చుంటారో వరసగా గుర్తొస్తున్నారు. లావుపాటి వకీలు ముందుకు వాలతాడు. కాలేజీ అమ్మాయి మోకాళ్లతో కరుచుకుంటుంది. ఎడమ ఎముక మీద కూర్చునేది ఈ బడి మొత్తానికి ఒక్కతే ఉంది. పుట్టుకతో ఎడమ తొంటి కాస్త దిగి, పావడా ఎప్పుడూ ఒకవైపు నేలకు రాసుకునే మనిషి. మామయ్య ఆమెను తక్కెడ అని పిలిచేవాడు. "తక్కెడా, ఇటు చూడు, ఎవరికి తూస్తున్నావే సరుకు?" అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేది. ఆ తక్కెడే, చెల్లే, అందరితోపాటు నవ్వేది. అప్పుడు ఆ నవ్వులో ఏముందో ఎవరు చూశారు. పెద్దదానికి కొత్త గుర్రం వస్తే చిన్నదానికి పెద్దది దిగిన పాత గుర్రం, పెద్దదానికి ఇరుకైన బూట్లు, పెద్దదాని తర్వాత మిగిలిన పొద్దు. అయినా సరే, అయినా సరే, చెల్లి కాదు, ఇంకెవరైనా అయి ఉండాలి. వకీలు కూడా ఈ మధ్య సన్నబడి ఎడమకు సర్దుకున్నాడేమో, ఎవరు చెప్పొచ్చారు.

కానీ తల దువ్వుతూ అడిగింది కదా. ఆ కిటికీ పక్క మంచం, ఒంటికి కట్టిన గుడ్డ పట్టీ, చిక్కు తీస్తున్న దువ్వెన. "అక్కా, మొండిదాన్ని ఆపేటప్పుడు నువ్వు ఊపిరి ఎక్కడ వదులుతావ్?" మొండిది ఈ గుర్రం పేరు, పేరు కాదు, అందరూ తిట్టగా తిట్టగా మిగిలింది. దౌడు ఎత్తుకుందంటే ఎవరు పగ్గం లాగినా ఆగేది కాదు, లాగినకొద్దీ తల ఎగరేసి ఇంకా పరిగెత్తేది. తిరిగి పంపించేద్దాం అన్నాడు మామయ్య కూడా. అలాంటిదాన్ని తను ఆపింది, చేతులతో కాదు. ఒకరోజు దాని మీద అలసిపోయి, విసుగొచ్చి, ఛీ పో, నీ ఇష్టం అనుకుని ఊపిరి వదిలేసింది, అది టక్కున నడకలోకి వచ్చేసింది. ఆ ఒక్క ఊపిరి మళ్లీ దొరకడానికి ఎన్ని నెలలు తిరిగిందో. ఊపిరి వదలాలి, కానీ ఆగాలని కోరుకోకూడదు. కోరుకుంటే నడుము బిగుస్తుంది, అది కనిపెట్టేస్తుంది. మాటల్లో పెడితే ఇంతే, ఇందులో ఏమీ లేదు. అదే చెప్పింది చెల్లికి. "మాటల్లో రాదే," అంది. "అయితే చూపించు," అంది చెల్లి, దువ్వెన పక్కన పెట్టి, వెనక నుంచి రెండు చేతులూ తన పక్కటెముకల మీద వేసి, తల తన వీపుకు ఆనించి. చిన్నప్పటిలాగే. తను మంచం మీద కూర్చుని ఊపిరి వదిలింది, ఒకసారి కాదు, చాలాసార్లు. బాగోలేని మనిషికి తోచక ఆడే ఆట అనుకుంది. ఎంత ప్రేమ అనుకుంది. కళ్లు చెమర్చాయి కూడా, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

దౌడు చెయ్యమన్నాడు మామయ్య. నాలుకతో టక్కుమన్నాడో లేదో గుర్రం లేచింది, గాలి రుమాలు అంచును కొట్టింది, ఇసుక ఎగిరి పాదాలకు తగిలింది. ఎంత కోపమున్నా ఇది మాత్రం బాగుంది, ఏం చెయ్యను, బాగుంది. మంచం మీద పడుకుని కలగన్నదంతా ఇదే. ముందుకు, పైకి, కిందికి, నడుము దానంతటదే ఊగుతూ, ఎవరిమీదా పగ లేనట్టు. తర్వాత ఆపమన్నాడు. ఆమె ఊపిరి వదిలింది. గుర్రం ఆగలేదు. ఆగకపోగా మెడ బిగించి, తల పైకెత్తి, రాబోయే గుంజుడుకు ముందే నోరు తెరిచింది, కళ్లెం ఇనుము పళ్లకు తగిలిన చప్పుడు వినపడింది. పగ్గాలు ముడివేసి మెడ మీదున్నాయి, ఎవరూ లాగడం లేదు, అయినా దెబ్బ పడబోతున్న పసిదానిలా తల ఎత్తేసింది. లాగుతున్నారన్నమాట దీన్ని. చెల్లికి ఊపిరి కుదరలేదు, అందుకని లాగుతోంది. మంచం మీద నేర్చుకున్నది గుర్రం మీద పనికిరాలేదు.

పాపిష్టిదానా, దీని నోరు పాడుచేశావు కదే అనుకుంది, అంతవరకూ ఎంత సర్దిచెప్పుకుందో అదంతా ఆ ఒక్క చప్పుడుతో పోయింది.

"మళ్లీ చెయ్," అన్నాడు మామయ్య. "ఈసారి ఏం చేస్తున్నావో నోటితో చెప్తూ చెయ్."

"మాట్లాడకూడదు కదా?"

"ఇవాళ్టికి మాట్లాడు. నీ పక్కటెముకలు ఎక్కడున్నాయి, పొట్ట ఎప్పుడు వదులుతున్నావ్, అన్నీ చెప్పు. గట్టిగా చెప్పు."

గట్టిగా ఎందుకు. ఆయన నిలబడింది తాడు అంత దూరంలో, గొణిగినా వినపడుతుంది, ముసలాడి చెవులు పాము చెవులు. తుమ్మితే దింపేసిన మనిషి గట్టిగా మాట్లాడమంటున్నాడు. ఎవరికి వినపడాలి. గుర్రం చుట్టు తిరుగుతోంది, తలుపు వైపు వచ్చిన ప్రతిసారీ కుడికి మెడ తిప్పుతోంది, ఇందాకటి నుంచీ తిప్పుతోంది, అక్కడ కంచెకు తగిలించిన దుప్పటి చూసి బెదురుతోందేమో అనుకుంది. బెదిరితే అడుగు ఆగుతుంది, ఇది ఆగడం లేదు, ముక్కుపుటాల్లోంచి సన్నగా పలకరిస్తోంది. దాణా తెచ్చే మనిషిని పలకరించినట్టు, తెలిసిన మనిషిని. అక్కడ ఎవరో ఉన్నారు. కంచెకు ఆనుకుని, ఊపిరి బిగపట్టుకుని నిలబడి, తనను చూస్తున్నారు. ఈ రుమాలు తనకు ఒళ్లు తెలియడానికి కట్టింది కాదు, ఆ మనిషి కనపడకుండా కట్టింది.

ఇక ఏదీ దాచడానికి లేదు, ఒక్కొక్కటే వచ్చి పక్కన కూర్చుంటోంది. పోటీకి ఇవ్వాల్సిన పేరు ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు, తను మంచం మీదున్నప్పుడే, అది తన పేరు కాదు. చెల్లికి అన్నీ వచ్చాయి, ఆ ఒక్క ఆపడం రాలేదు. అది రాకుండా పోటీకి వెళ్తే గుర్రం అందరి ముందూ పరువు తీస్తుంది. అందుకే ఈ గంట. గుర్రం నీకే అన్న మాట, జాగ్రత్త, పరీక్ష, అంతా ఇందుకే. తనను పిలిచింది కూర్చోబెట్టడానికి కాదు, తనలో ఉన్న ఆ చివరి ముక్క కూడా తీసుకుని పంపించడానికి. సాయంత్రాలు చెల్లి ఒంటి నుంచి గుర్రం వాసన వస్తే, పాకలు కడుగుతున్నానక్కా, మనుషులు చాలడం లేదు అనేది, పాపం చేతులు కాయలు కాశాయని తనే నూనె రాసింది. పగ్గం లాగిన కాయలకు నూనె రాసింది. ఇంతకంటే వెర్రిబాగులది ఎవరైనా ఉంటారా. మామయ్య ముందుకొచ్చి, ఇదిగో అమ్మా, ఈ ఏడాదికి చిన్నది వెళ్తుంది, నువ్వు నేర్పు అని ఒక్క మాట అడిగి ఉంటే ఇచ్చేది. ఇచ్చేదా? లేదు, ఇచ్చేది కాదు, చస్తే ఇచ్చేది కాదు, వాళ్లకు అది తెలుసు, అందుకే అడగలేదు. ఇంట్లోవాళ్లు ఇంత బాగా ఎరిగి ఉండటం కూడా ఒక ఖర్మ. కళ్లలో నీళ్లు రుమాలులోకి ఇంకుతున్నాయి, అది కూడా అక్కడ నిలబడ్డ మనిషికి కనపడుతూ ఉండాలి, కనపడనీ.

రుమాలు పీకేద్దామనుకుంది. పీకితే చెల్లి మొహం చూడాలి. ఆ మొహం చూశాక ఈ జన్మలో మళ్లీ తల దువ్వించుకోగలదా దాని చేత. దాని కంటే తప్పుగా నేర్పడం సులువు. పొట్ట బిగించమని చెప్పొచ్చు, ముందుకు వాలమని చెప్పొచ్చు, ఈ రెండూ చేస్తే చాలు, పోటీలో మొండిది దాన్ని ఏ గోడకో తీసుకెళ్లి కొడుతుంది. కొట్టుకోవాలి, అనుకుంది, కొట్టుకోవాలి, ఎముక విరగాలి, అప్పుడు నేను బొత్తాలు పెడతాను. తనేనా ఇలా అనుకుంటోంది. తనే. దౌడు సాగుతోంది, మామయ్య ఏదో అంటున్నాడు, చెప్పవే, చెప్పు అని.

"పొట్ట బిగించాలి," అంది గట్టిగా. గొంతు తనది కానట్టుంది. "ఎముకల మీంచి ముందుకు వాలాలి. వాలి, ఊపిరి బిగబట్టాలి."

మామయ్యకు అది అబద్ధమని తెలిసిపోయింది. తాడులో చెయ్యి చచ్చుబడినట్టు వదులైంది.

"అలాగే చేసి చూపించు మరి," అన్నాడు నెమ్మదిగా.

చూపిస్తాను. ఎందుకు చూపించను. పొట్ట బిగించింది, ముందుకు వాలింది, గుర్రం ఒక్కసారిగా తూలి, ఎడమకు, ఆ గట్టిపడ్డ వైపుకు, లేని మనిషి కోసం జరిగింది. నొప్పి దానిది కూడా కదా. ఇన్నాళ్లూ వంకర బరువు మోస్తూ, పళ్ల మీద ఇనుము పడుతూ, దీనికేం తెలుసు ఎవరి పేరు ఎక్కడిచ్చారో. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, ఆడింది, కానీ దీని వీపు మీద ఎలా ఆడటం. చిన్నప్పటి నుంచీ ఒళ్లంతా ఈ ఒక్కదానికే తయారైంది, దానికి ఇంకో విద్య రాదు. వద్దు అనుకుంటూనే ఉంది, ఇవ్వను, ఇది మాత్రం ఇవ్వను అనుకుంటూనే ఉంది, నడుము ఆమెను అడక్కుండా వెనక్కి వచ్చి ఎముకల మీద సర్దుకుంది, పక్కటెముకలు దిగాయి, భుజాలు దిగాయి, విరిగినదీ విరగనిదీ రెండూ. ఏడుపులా మొదలైన ఊపిరి ఏడుపు కాకుండా కిందికి, వీపువైపుకి, జీనులోకి, తెగకుండా వెళ్లిపోయింది. మొండిది మెడ దించి, నోరు మూసుకుని, రెండడుగుల్లో నడకలోకి వచ్చి, ఆగింది. అందరితోపాటు చివరికి తన ఒళ్లు కూడా తనను వాళ్లకు పట్టిచ్చేసింది.

బరిలో ఏ చప్పుడూ లేదు. గుర్రం రొప్పుడు ఒక్కటే. అది కూడా సద్దుమణిగాక, కుడివైపు కంచె దగ్గర, ఇందాకటి నుంచీ బిగబట్టిన ఊపిరి ఒకటి బయటికొచ్చింది. గొంతులోంచి కాదు, కింది నుంచి, వీపులోంచి, తను వదిలినంత పొడవున, తను వదిలినంత మెత్తగా. వినగానే తెలిసింది, అది సరైనదే. దాన్ని విని మొండిది, నిలబడి ఉన్నదే, ఇంకొంచెం నెమ్మదించి తల దించుకుంది.

ఆమె రుమాలు విప్పలేదు.

"వచ్చిందా?" అంది చీకట్లోకి.

ఏడుస్తున్న గొంతుతో చెల్లి అంది. "వచ్చిందక్కా."